ఆరు వేల ఆర్‌పీఎం దగ్గర ఎంత?

2021లో సుజుకి కొత్త హయబూసాను విడుదల చేసినప్పుడు కాగితం మీద ఒక వింత కనిపించింది. 1999లో పుట్టిన నాటి నుంచి వేగానికి మారుపేరుగా నిలిచిన బైకు అది. ‘ధూమ్’ సినిమా తర్వాత మన కుర్రకారు కలల్లోకి చేరిన బైకు కూడా అదే. పదమూడేళ్ల విరామం తర్వాత మూడో తరం వస్తోందంటే బలం ఇంకా పెరిగి ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. కానీ తగ్గింది. రెండో తరం హయబూసా 9,500 ఆర్‌పీఎం దగ్గర 197 హార్స్‌పవర్ ఇచ్చేది. కొత్తది 9,700 దగ్గర 190 ఇస్తుంది. గరిష్ఠ టార్క్ కూడా 155 న్యూటన్ మీటర్ల నుంచి 150కి దిగింది. యూరప్ కాలుష్య నిబంధనలు బిగుసుకోవడం ఇందుకు ఒక కారణం. అయితే కథ అక్కడితో ఆగలేదు. ఇంజినీర్లు అదే 1,340 సీసీ ఇంజిన్‌ను మళ్లీ మలిచి, పైన పోయినదానికి బదులుగా కింది, మధ్య ఆర్‌పీఎంలలో బలం పెంచారు. రోడ్డు మీద ఎక్కువ సేపు ఇంజిన్ తిరిగేది ఆ మధ్యలోనే. వేగంతోనే పేరు తెచ్చుకున్న బండి విషయంలో దాని తయారీదారే గరిష్ఠ అంకెను కొంత వదులుకున్నాడు. కొనేవాళ్లం మాత్రం ఇప్పటికీ ఆ ఒక్క అంకెనే పట్టుకుని బైకులను పోలుస్తున్నాం. లక్షలు పోసి స్పోర్ట్స్ బైకు కొనబోయేవారు బ్రోచరు మొదటి వరసలోని హార్స్‌పవర్ చూసి సరిపెట్టుకోకుండా ‘ఆరు వేల ఆర్‌పీఎం దగ్గర ఇది ఎంత ఇస్తుంది?’ అని అడగాలి. బ్రేకులు, టైర్లు, కూర్చునే తీరు, వేడి, ఖర్చు గురించి అడగాల్సిన ప్రశ్నలన్నీ దీని వెంటే వస్తాయి.

హార్స్‌పవర్ అనేది ఇంజిన్ తిప్పే బలాన్ని, అంటే టార్క్‌ను, అది నిమిషానికి తిరిగే చుట్లతో, అంటే ఆర్‌పీఎంతో, గుణిస్తే వచ్చే లెక్క. న్యూటన్ మీటర్లను ఆర్‌పీఎంతో గుణించి దాదాపు 7,023తో భాగిస్తే హార్స్‌పవర్ వస్తుంది. అందువల్ల టార్క్ పెంచకుండానే, ఇంజిన్ మరింత వేగంగా తిరిగేలా చేసి పెద్ద అంకె రాబట్టవచ్చు. కవాసకి నింజా జడ్‌ఎక్స్-10ఆర్ 998 సీసీ ఇంజిన్ 203 హార్స్‌పవర్ ఇస్తుంది, అదీ 13,200 ఆర్‌పీఎం దగ్గర. దాని గరిష్ఠ టార్క్ 114.9 న్యూటన్ మీటర్లు, అది దొరికేది 11,400 దగ్గర. ఈ తరగతి లీటర్ బైకులు ఒకటో గేరులోనే గంటకు 150 కిలోమీటర్ల వేగాన్ని అందుకుంటాయి. మన దగ్గర 2018 నోటిఫికేషన్ ప్రకారం నాలుగు వరసల హైవే మీద మోటారు సైకిల్‌కు గరిష్ఠ వేగం 80 కిలోమీటర్లు. హైదరాబాద్ చుట్టూ ఉన్న 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మీదికి ద్విచక్ర వాహనాలకు అసలు ప్రవేశమే లేదు. పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మీదా లేదు. బెంగళూరు-మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే ప్రధాన దారిలో 2023 ఆగస్టు నుంచి బైకులను నిషేధించారు. అంటే దేశంలో మంచి రోడ్లు పెరుగుతున్నకొద్దీ, వాటిలో చాలావాటికి బైకు దూరమవుతోంది. 13,200 ఆర్‌పీఎం దగ్గరి బలాన్ని చట్టబద్ధంగా వాడుకోగల రోడ్డు ఆంధ్ర, తెలంగాణల్లో ఒక్కటీ లేదు.

ఇది మన రోడ్ల సమస్య మాత్రమే అనుకుంటే పొరపాటు. రోడ్లు బాగున్న దేశాల్లోనూ ఇదే మార్పు వచ్చింది. యమహా ఆర్6 ఒకప్పుడు 600 సీసీ తరగతికి కొలమానం. 599 సీసీ ఇంజిన్ 14,500 ఆర్‌పీఎం దగ్గర 118 హార్స్‌పవర్ ఇచ్చేది. రేసు ట్రాక్ మీద అద్భుతమైన బైకు, రోడ్డు మీద మాత్రం పది వేల ఆర్‌పీఎం దాటే దాకా నిద్ర లేచేది కాదు. కొత్త కాలుష్య నిబంధనలు వచ్చాక యూరప్‌లో రోడ్డు కోసం దాని అమ్మకం ఆగిపోయింది. 2021లో వచ్చిన ఆర్7 అంకెలు చూసి చాలామంది పెదవి విరిచారు. దాని 689 సీసీ రెండు సిలిండర్ల ఇంజిన్ 8,750 దగ్గర ఇచ్చేది 73 హార్స్‌పవరే. కానీ గరిష్ఠ టార్క్ చూస్తే ఆర్6కు 10,500 దగ్గర 61.7 న్యూటన్ మీటర్లు, ఆర్7కు 6,500 దగ్గరే 67. అంటే 6,500 ఆర్‌పీఎం దగ్గర ‘బలహీనమైన’ ఆర్7 చేతిలో 62 హార్స్‌పవర్ ఉంటుంది. ఆర్6 తన గరిష్ఠ టార్క్‌ను అంత కిందే ఇవ్వగలిగినా 57 దాటదు, నిజానికి అంత కూడా ఇవ్వదు. ఆ తర్వాత వచ్చిన ఆర్9 ఈ వాదాన్ని పూర్తిచేసింది. 890 సీసీ మూడు సిలిండర్ల ఆ ఇంజిన్ ఆర్6 ఇచ్చిన హార్స్‌పవర్‌నే ఇస్తుంది, కానీ 10,000 ఆర్‌పీఎం దగ్గర. టార్క్ ఆర్6 కంటే ఒకటిన్నర రెట్లు, అదీ 7,000 దగ్గర.

మన షోరూంలలో దొరికే రెండు కవాసకి బైకులను ఇదే లెక్కతో పక్కపక్కన పెట్టి చూద్దాం. 2023 సెప్టెంబరులో 8.49 లక్షల ఎక్స్‌షోరూం ధరతో వచ్చిన నింజా జడ్‌ఎక్స్-4ఆర్‌ది 399 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజిన్. 14,500 ఆర్‌పీఎం దగ్గర 77 హార్స్‌పవర్, 13,000 దగ్గర 39 న్యూటన్ మీటర్ల టార్క్. అంతకంటే తక్కువ ధరకు దొరికే నింజా 650 రెండు సిలిండర్లతో 8,000 దగ్గర 68 హార్స్‌పవర్, 6,700 దగ్గర 64 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. బ్రోచరు ప్రకారం చిన్న ఇంజినే గెలిచింది. 6,700 ఆర్‌పీఎం దగ్గర చూస్తే పెద్ద ఇంజిన్ ఇచ్చేది 61 హార్స్‌పవర్. చిన్నది తన టార్క్ మొత్తం అక్కడే పెట్టినా 37కు మించదు. ఇక్కడ అనుభవమున్న రైడర్ ఒక న్యాయమైన అభ్యంతరం చెబుతాడు. రెండింటి గేరింగ్ ఒకటి కాదు, ఒకే రోడ్డు వేగం దగ్గర చిన్న ఇంజిన్ ఎక్కువ చుట్లు తిరుగుతుంది, పైగా రెండు గేర్లు దించితే అది కూడా తన బలంలోకి వస్తుంది అంటాడు. నిజమే. ఆ బైకును పదకొండు, పన్నెండు వేల మీద నడిపేవారికి అది ఎవరికీ తీసిపోదు. అయితే అలా నడపాలంటే ఓవర్‌టేక్ చేయాల్సిన ప్రతిసారీ రెండు గేర్లు దించాలి, ఇంజిన్ కేకలు పెట్టేదాకా థ్రాటిల్ తిప్పాలి. ఘాట్‌రోడ్డులో పొద్దున్న ఒక గంట అది పండగలా ఉంటుంది. సూర్యాపేట, కోదాడ మీదుగా లారీల మధ్య విజయవాడ వెళ్లేటప్పుడు అదే శ్రమ అవుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ పాడే పాటకు విలువ లేదనడం లేదు. ఆ పాట కోసం ఎక్కువ ధర ఇస్తున్నామని తెలిసి ఇస్తే చాలు.

వేగం తర్వాత ఆగడం. మనవాళ్లు పోలికలో తరచూ వదిలేసేది దీన్నే, ఇందుకు మన దేశంలోనే ఒక చేదు చరిత్ర ఉంది. 1983లో ఎస్కార్ట్స్ కంపెనీ యమహా ఆర్‌డీ350ని రాజ్‌దూత్ 350 పేరుతో ఇక్కడ తయారు చేయడం మొదలుపెట్టింది. రెండు సిలిండర్ల టూ స్ట్రోక్ ఇంజిన్, ఆరు గేర్లు. నాటి భారతీయ రోడ్ల మీద దానికి సాటి లేదు. అయితే మూలమైన జపాన్ బైకుకు ముందు డిస్క్ బ్రేక్ ఉంటే, ఇక్కడ డ్రమ్ బ్రేక్ పెట్టారు. ఇంజిన్ వేగాన్ని పెంచినంత సులువుగా ఆ బ్రేక్ దాన్ని ఆపలేకపోయింది, బండికి ప్రాణాంతకమన్న పేరు పడింది. భౌతికశాస్త్రం ఈ విషయంలో ఎవరికీ మినహాయింపు ఇవ్వదు. గంటకు వంద కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. ప్రమాదాన్ని గుర్తించి బ్రేక్ మీద చెయ్యి వేయడానికి ఒక సెకను పడితే 28 మీటర్లు అక్కడే పోతాయి. పొడి రోడ్డు మీద మంచి టైర్లతో గట్టిగా బ్రేక్ వేసినా ఆగడానికి మరో 50 మీటర్లు కావాలి. 140 దగ్గర ఆ రెండూ కలిపి 135 మీటర్లు దాటుతాయి. వేగం పెరిగింది నలభై శాతమే, ఆగే దూరం మాత్రం డెబ్బై శాతానికి పైగా పెరిగింది. ఎందుకంటే బ్రేక్ వేశాక పట్టే దూరం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో మరణించిన 1,68,491 మందిలో 44.5 శాతం ద్విచక్ర వాహనదారులే అని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెబుతోంది. కొత్త బైకు ఎంచుకునేటప్పుడు ఈ లెక్కను పక్కన పెట్టే హక్కు ఎవరికీ లేదు.

ఎలక్ట్రానిక్స్ కాపాడతాయి కదా అన్నది ఈ చోట వచ్చే మాట. కొంతమేరకు కాపాడతాయి. 125 సీసీ దాటిన బైకులకు ఏబీఎస్ తప్పనిసరి చేయడం గొప్ప మేలు చేసింది. అంతకంటే ముందుకు వెళ్లింది వంపును గుర్తించే ఏబీఎస్. మామూలు ఏబీఎస్‌కు బండి నిటారుగా ఉందో, మలుపులో వాలి ఉందో తెలియదు. బైకు వంపును క్షణక్షణం కొలిచే సెన్సర్ తోడైతే, మలుపు మధ్యలో బ్రేక్ వేసినా ఎంత పట్టు మిగిలి ఉందో అంచనా వేసి ఒత్తిడిని సర్దుతుంది. బాష్ తయారుచేసిన ఈ ఏర్పాటు కేటీఎం 1190 అడ్వెంచర్‌తో మార్కెట్లోకి వచ్చింది. ఇప్పుడు గమనించాల్సింది ఏమిటంటే, 2022లో 3.14 లక్షలకు వచ్చిన కేటీఎం ఆర్‌సీ 390లో ఈ ఏర్పాటు ఉంది, 8.49 లక్షలకు వచ్చిన జడ్‌ఎక్స్-4ఆర్‌లో లేదు. ధరను బట్టి, హార్స్‌పవర్‌ను బట్టి భద్రత పెరుగుతుందనుకోవడానికి వీల్లేదనడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు. ఎంత తెలివైన కంప్యూటరైనా లేని పట్టును పుట్టించలేదు. 2021 సెప్టెంబరులో హైదరాబాద్‌లో కేబుల్ బ్రిడ్జి దాటాక నటుడు సాయిధరమ్ తేజ్ బైకు రోడ్డు మీద పేరుకున్న ఇసుకలో జారింది. హెల్మెట్ ఉండబట్టి ఆయన ప్రాణాలతో బయటపడ్డారు. అందువల్ల టైర్ల గురించి షోరూంలో గట్టిగా అడగాలి. ట్రాక్ కోసం చేసిన మెత్తటి టైరు వేడెక్కితేనే పట్టు చూపిస్తుంది, తడి రోడ్డు మీద తడబడుతుంది, కొన్ని వేల కిలోమీటర్లకే అరిగిపోతుంది. రోడ్డు కోసం చేసిన స్పోర్ట్ టూరింగ్ టైరు మన జులై వానల్లో దానికంటే ఎంతో మేలు.

హార్స్‌పవర్‌ను సమర్థించేవారి బలమైన వాదన ఒకటుంది. శక్తి నిల్వలో ఉండటమే భద్రత, లారీని దాటాలంటే క్షణాల్లో దాటేయాలి, తక్కువ శక్తి ఉన్న బండి ఎదురుగా వచ్చే వాహనం ముందు ఇరుక్కుపోతుంది అంటారు. ఇందులో నిజం ఉంది, కానీ ఆ నిజం మధ్య ఆర్‌పీఎంల వైపే మొగ్గుతుంది. ఓవర్‌టేక్ మొదలయ్యేది అరవై, డెబ్బై కిలోమీటర్ల దగ్గర, మూడో గేరులోనో నాలుగో గేరులోనో. అక్కడ వెంటనే అందే టార్క్ కావాలి. లీటర్ బైకుకు ఆ బలం పుష్కలంగా ఉంటుందన్నది ఒప్పుకోవాల్సిన మాటే. జడ్‌ఎక్స్-10ఆర్ ఆరు వేల దగ్గర కూడా నింజా 650ని దాటేస్తుంది. చిక్కు వేరే చోట ఉంది. అంత ధర పెట్టి కొన్న శక్తిలో పైసగానికి అసలు పని ఉండదు, పైగా బండిలోని మిగతావన్నీ ఆ పైసగం కోసమే తయారై ఉంటాయి. కిందికి వంచిన హ్యాండిల్, పైకెత్తిన ఫుట్‌పెగ్‌లు, గట్టి సస్పెన్షన్, 835 మిల్లీమీటర్ల సీటు ఎత్తు, అన్నీ రెండు వందల కిలోమీటర్ల వేగంలో గాలి ఛాతీని మోస్తుందన్న లెక్కతో చేసినవి. నలభై కిలోమీటర్ల వేగంలో ఆ గాలి ఉండదు, శరీరం బరువంతా మణికట్టు మీద పడుతుంది. అమీర్‌పేటలోనో బెంజి సర్కిల్‌లోనో సాయంత్రం ఆరింటికి మణికట్లకు తెలిసే సంగతి ఇది.

వేడి గురించి బ్రోచర్లు చెప్పవు. శక్తి ఎక్కువున్న ఇంజిన్ ఎక్కువ వేడిని పారబోయాలి. బండి కదలనప్పుడు ఆ పని చేసేది రేడియేటర్ ఫ్యాను ఒక్కటే, అది తోసే గాలి రైడర్ కాళ్ల మీదికే వస్తుంది. డుకాటి తన పానిగాలె వీ4లో బండి ఆగి ఉన్నప్పుడు వెనకవైపు రెండు సిలిండర్లను ఆపేసే ఏర్పాటు పెట్టింది. ఇటలీ వాతావరణంలో పుట్టిన కంపెనీకే అవసరమనిపించిన ఏర్పాటు రామగుండం మే నెలలో ఎంత అవసరమో ఊహించుకోవచ్చు. స్పీడ్ బ్రేకర్లది మరో గొడవ. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం అవి పది సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. ఊరూరా కాలనీవాళ్లు పోయించుకున్న గుట్టలకు ఆ కొలతలతో సంబంధం లేదు. నేలకు 130, 135 మిల్లీమీటర్ల ఎత్తున ఫెయిరింగ్ ఉన్న బండితో వాటి మీదుగా ఏటవాలుగా పోవాలి.

ఖర్చు విషయంలో ఎక్కువ మాట్లాడక్కర్లేదు, ఒక గీత గుర్తుంటే చాలు. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాకా జీఎస్టీ 18 శాతం, దాటితే 40 శాతం. థర్డ్ పార్టీ బీమా ప్రీమియం కూడా ఆ 350 గీత దాటగానే రెట్టింపుకు పైగా అవుతుంది. వీటిపైన జీవితకాల పన్ను, టైర్లు, పడితే మార్చాల్సిన ఫెయిరింగ్ ఉంటాయి. అన్నిటికంటే ముఖ్యంగా సర్వీస్ సెంటర్ ఎక్కడుందో చూడాలి. కర్నూలులో ఉండేవారికి దగ్గరి సర్వీస్ హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో అయితే, ఒక చిన్న స్పేర్ పార్ట్ కోసం బండి నెల రోజులు మూలన పడి ఉండవచ్చు.

ఎంత శక్తి అవసరమన్న ఆలోచనను యూరప్‌లో లైసెన్సు చట్టమే చేయిస్తుంది. అక్కడి ఏ2 లైసెన్సుతో 35 కిలోవాట్ల దాకా శక్తి ఉన్న బైకునే నడపాలి, కనీసం రెండేళ్ల అనుభవం తర్వాత పెద్ద బైకుకు మరో పరీక్ష. మన దగ్గర గేరు బైకు లైసెన్సు ఒకటి చేతిలో ఉంటే, నిన్నటిదాకా వంద సీసీ నడిపిన పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఈరోజు హయబూసా ఎక్కవచ్చు. చట్టం గీయని గీతను మనమే గీసుకోవాలి. ఏప్రిలియా ఆర్‌ఎస్ 457 సరిగ్గా ఆ యూరప్ గీతకు కొలిచి చేసిన బండి. బారామతిలో తయారవుతుంది. 47.6 హార్స్‌పవర్, అంటే అచ్చంగా 35 కిలోవాట్లు. 175 కిలోల బరువు, 6,700 దగ్గర 43.5 న్యూటన్ మీటర్ల టార్క్. హోసూరులో తయారయ్యే టీవీఎస్ అపాచీ ఆర్ఆర్ 310 ఇప్పుడు 38 హార్స్‌పవర్ ఇస్తుంది, అర్బన్, రెయిన్ మోడ్‌లలో ఇంజిన్ తనే శక్తి తగ్గించుకుంటుంది. పైగా అది 350 గీతకు ఇవతల ఉంది. ‘ఆరు నెలల్లో విసుగొస్తుంది, మళ్లీ అమ్మితే నష్టం’ అనేవారు ఆ నష్టాన్ని శిక్షణ ఫీజుగా లెక్కవేసుకోవచ్చు. చిన్న బండిని దాని అంచు దాకా నడపడం నేర్చుకున్నవారి చేతిలో పెద్ద బండి లొంగుతుంది. మొదటి రోజే రెండు వందల హార్స్‌పవర్ ఎక్కినవారు థ్రాటిల్‌ను పావు వంతు దాటించడానికే భయపడుతూ ఏళ్లు గడుపుతారు, వారు నేర్చుకునేది చాలా తక్కువ.

ట్రాక్‌కు వెళ్లేవారి సంగతి వేరు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోనో, కోయంబత్తూరు కారి స్పీడ్‌వేలోనో, 5.125 కిలోమీటర్ల బుద్ధ్ సర్క్యూట్‌లోనో క్రమం తప్పకుండా నడిపేవారికి 13,000 ఆర్‌పీఎం నిజమైన చోటు. జడ్‌ఎక్స్-10ఆర్, బీఎండబ్ల్యూ ఎస్1000ఆర్ఆర్, పానిగాలె వీ4ల మధ్య తేడాలు వారికే అర్థవంతం. అలాగే, జీవితంలో ఒక్కసారి ఫలానా బండి నాదనిపించుకోవాలన్న కోరిక ఉన్నవారిని లెక్కలతో వెనక్కు లాగడం తప్పు. మనిషి ఇష్టపడి కొనే వస్తువుల్లో ఇంత సౌందర్యమున్నవి తక్కువ. వారు కూడా ఒక పని చేస్తే మంచిది. బైకు బడ్జెట్‌లోంచి హెల్మెట్, జాకెట్, గ్లోవ్స్, బూట్లు, ఒక రైడింగ్ స్కూల్ ఫీజు ముందే పక్కన తీసి, మిగిలినదానితో బండి చూడాలి.

ఇక షోరూంకు వెళ్లాక ఏం చేయాలి? గరిష్ఠ అంకెను వదిలి టార్క్ గ్రాఫ్ చూపించమనాలి. గీత ఎక్కడ లేచి ఎంత దూరం సమంగా సాగిందో చూడాలి. అది లేదంటే గరిష్ఠ టార్క్ ఏ ఆర్‌పీఎం దగ్గర వస్తుందో అడిగి, పైన చెప్పిన గుణకారం ఫోన్‌లోనే చేసుకోవచ్చు. టెస్ట్ రైడ్‌లో మూడో గేరులో నలభై దగ్గర నుంచి థ్రాటిల్ తెరిచి, గేరు దించకుండా ఎనభైకి ఎలా చేరుతుందో గమనించాలి. ఖాళీ చోట రెండు బ్రేకులూ కలిపి గట్టిగా వేసి చూడాలి. ఇంజిన్ బాగా వేడెక్కాక, ఫ్యాను తిరుగుతుండగా, ఒక సిగ్నల్ దగ్గర పూర్తిగా ఆగి కాళ్లు ఎలా ఉన్నాయో చూసుకోవాలి. ఇరుకు రోడ్డులో యూటర్న్ తిప్పాలి, ఇంజిన్ ఆపి బండిని వెనక్కి నెట్టి పార్కింగ్‌లో పెట్టాలి. ఇంట్లోవారిని ఎక్కించుకునే అవసరం ఉంటే వారిని కూడా తీసుకెళ్లి వెనక సీటు మీద కూర్చోబెట్టాలి, ఎందుకంటే ఈ తరగతిలో ఆ సీటు చాలా బైకులకు పేరుకే ఉంటుంది. పోల్చే రెండో బైకును కూడా వీలైతే అదే రోజు, అదే దారిలో నడపాలి. టెస్ట్ బండి మీ ఊళ్లో లేకపోతే ఉన్న నగరానికి బస్సెక్కి వెళ్లండి. ఎనిమిది, పది లక్షల కొనుగోలులో ఆ టికెట్ డబ్బు లెక్కలోకి రాదు.